ఎర్రర్ ఎన్ని సెకన్లకు వచ్చింది? ఆఫీసు నెట్‌వర్క్‌లో అడ్డు ఎక్కడుందో పట్టుకునే లెక్క

పక్క గదిలోని సిస్టమ్‌లో ఉన్న ఫైల్ తెరుచుకోదు. ప్రింటర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, ప్రింట్ మాత్రం రాదు. నెట్ బాగానే వస్తోంది కానీ టాలీ ఉన్నట్టుండి ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతుంది. ఇలాంటప్పుడు మన చిన్న ఆఫీసుల్లో అన్నిటికంటే ముందు వినపడే సలహా ఒకటుంది: "ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడండి సార్." చేస్తారు. పనైపోతే ఇక దాన్ని మళ్లీ ఆన్ చేసే నాథుడు ఉండడు. పని కాకపోతే రౌటర్ ఆపి వేస్తారు. అప్పటికీ కాకపోతే సిస్టమ్‌లు చూసే కుర్రాడికి ఫోన్ వెళుతుంది.

ఆ ఫోన్ చేసేముందు ఒక్క సంగతి గమనించి పెట్టుకుంటే సగం పని అయినట్టే. ఎర్రర్ రావడానికి ఎంతసేపు పట్టింది? నొక్కగానే వచ్చిందా, చక్రం తిరిగీ తిరిగీ ఇరవై సెకన్లకు వచ్చిందా? ఎర్రర్ బాక్సులో రాసి ఉన్న వాక్యం కంటే ఈ వ్యవధిని నేను ఎక్కువ నమ్ముతాను. ఎందుకో తెలియాలంటే ముందు రెండు నంబర్ల సంగతి తేలాలి. ఒకటి అడ్రసు, రెండోది పోర్టు.

చెప్పుకోవడానికి వీలుగా ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. ఎనిమిది సిస్టమ్‌లు, వాటిలో ఒకటి సర్వర్ (డేటా అంతా ఉండే సిస్టమ్), ఒక ప్రింటర్, ఫైబర్ కనెక్షన్ వాళ్లిచ్చిన రౌటర్. ప్రతి యంత్రానికీ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 లోపు. మన సర్వర్‌ది 192.168.1.10 అనుకుందాం. 192.168తో మొదలయ్యేవి ప్రపంచంలో ఏ ఇల్లయినా, ఏ ఆఫీసయినా లోపల్లోపల వాడుకోవడానికి 1996లోనే కేటాయించి పెట్టినవి. మొత్తం 65,536. పెద్ద సంస్థలకూ కాలేజీలకూ 10తో మొదలయ్యే వరుస ఉంది. అందులో 1 కోటీ 67 లక్షల పైచిలుకు అడ్రసులున్నాయి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో దాదాపు సగం మందికి తలా ఒకటి ఇవ్వచ్చు. మన ఆఫీసుకి అంత అక్కర్లేదు. మామూలు రౌటర్ కింద 254 యంత్రాలకు చోటుంటుంది, సిస్టమ్‌లూ ఫోన్లూ అన్నీ కలిపినా మనకు పాతిక దాటవు.

అడ్రసు చూసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాలి, మధ్యలో ఖాళీ లేకుండా. పని చెయ్యని సిస్టమ్‌లోనూ, సర్వర్‌లోనూ రెండు చోట్లా కొట్టి చూడండి. మొదటి మూడు అంకెలూ కలవాలి. ఒకదాంట్లో 192.168.1, ఇంకోదాంట్లో 192.168.0 కనపడితే మీ ఆఫీసులో రెండు రౌటర్లు ఉన్నట్టు. ఇది మనవైపు చాలా మామూలు. ఫైబర్ వాళ్ల బాక్సు ఒకటి, "సిగ్నల్ అందట్లేదు" అని కొని తగిలించిన వైఫై రౌటర్ ఇంకొకటి. ల్యాప్‌టాప్ దీని కిందా, ప్రింటర్ దాని కిందా ఉంటే ఫైర్‌వాల్‌ని ఎంత తిట్టినా ప్రింట్ రాదు. అడ్రసు 169.254తో మొదలైతే సంగతి ఇంకా ముందే చెడింది: రౌటర్ నుంచి అడ్రసు అందక సిస్టమ్ తనకు తానే ఒకటి తగిలించుకుంది. అప్పుడు చూడాల్సింది కేబుల్‌ని, స్విచ్‌ని. గెస్ట్ వైఫైలో ఉన్నా ఇంతే. నెట్ వస్తుంది కానీ పక్క యంత్రాలు కనపడవు, గెస్ట్ వైఫై పెట్టేదే అందుకు.

ఇక పోర్టు. అడ్రసు అపార్ట్‌మెంట్ అయితే పోర్టు ఫ్లాట్ నంబరు. ఒకే యంత్రంలో ఎన్నో పనులు జరుగుతుంటాయి, ఒక్కో పని ఒక్కో నంబరు దగ్గర కూర్చుని ఉంటుంది. నంబర్లు 0 నుంచి 65,535 దాకా. సెకనుకొకటి చొప్పున తలుపు తట్టుకుంటూ పోతే అన్నీ తిరగడానికి 18 గంటలు దాటుతుంది. అదృష్టవశాత్తూ మనకు కావలసినవి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. వెబ్‌సైట్లకు 80, 443. ఫైల్ షేరింగ్‌కు 445. ప్రింటర్‌కు ఎక్కువగా 9100. దూరం నుంచి సిస్టమ్‌లోకి వెళ్లే రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389. ఫలానా పోర్టుకి వచ్చినవాణ్ణి లోపలికి పంపాలా వద్దా అని రూల్స్ చూసి తేల్చేదే ఫైర్‌వాల్.

టాలీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఒక్క సాఫ్ట్‌వేర్‌కే మూడు దారులున్నాయి. డేటా షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటే అది 445 మీదుగా వస్తుంది. లైసెన్స్ ఉందా లేదా అని సర్వర్‌ని అడిగేది 9999 మీద. ఎక్సెల్ లాంటి వేరే ప్రోగ్రాములు టాలీ నుంచి లెక్కలు తెచ్చుకునేది 9000 మీద. కంపెనీ పెట్టి ఇచ్చిన నంబర్లివి, కావాలంటే మార్చుకోవచ్చు. అందుకే "ఫోల్డర్ తెరుచుకుంటోంది కదా, నెట్‌వర్క్ బాగానే ఉంది, మరి లైసెన్స్ ఎందుకు రావట్లేదు?" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. 445 తెరిచి ఉన్నంత మాత్రాన 9999 తెరిచి ఉన్నట్టు కాదు.

ఇప్పుడు సెకన్ల లెక్క. ఒక సిస్టమ్ ఇంకోదానితో మాట కలపాలంటే ముందు ఒక చిన్న పలకరింపు పంపుతుంది. దానికి మూడు రకాల ఫలితాలుంటాయి. రమ్మని జవాబొస్తే పని మొదలవుతుంది. "ఇక్కడ ఆ పని చేసేవాళ్లు లేరు" అని తిరుగు జవాబొస్తే విండోస్ ఇంకోసారి, మరోసారి అడిగి, రెండు మూడు సెకన్లలో ఎర్రర్ చూపిస్తుంది. అసలేమీ రాకపోతే, పలకరింపు దారిలో పోయిందేమోనని ఎదురుచూపు పెంచుకుంటూ మళ్లీ మళ్లీ పంపి, మొత్తం మీద 21 సెకన్ల దగ్గర చేతులెత్తేస్తుంది. లినక్స్‌ది ఇంకా ఓపిక. ఒక సెకను ఆగి, రెండు ఆగి, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు ఆగి మొత్తం 127 సెకన్లు చూడటం దాని పాత లెక్క. అంటే రెండు నిమిషాల పైనే. త్వరగా వచ్చిన ఎర్రర్‌కి అర్థం అవతల యంత్రం ఉంది, దారి ఉంది, కావలసిన ప్రోగ్రామ్ మాత్రం నడవట్లేదు అని. ఆలస్యంగా వచ్చిన ఎర్రర్‌కి అర్థం ఎవరో పలకరింపుని మింగేశారని. మింగేయడం ఫైర్‌వాల్ పని. తిరుగు జవాబివ్వకుండా ఊరుకోవడం దాని జాగ్రత్త. దొంగ చూపుతో వచ్చినవాడికి ఇక్కడ ఒక యంత్రం ఉందన్న సంగతి కూడా తెలియకూడదని.

ఈ లెక్కని చేత్తో కొలవడానికి విండోస్‌లోనే సాధనం ఉంది. పవర్‌షెల్ అనే నీలం తెర తెరిచి టీఎన్‌సీ అని కొట్టి, ఖాళీ ఇచ్చి 192.168.1.10 కొట్టి, మళ్లీ ఖాళీ ఇచ్చి చిన్న గీతా, వెంటనే పోర్ట్ అనే మాటా, చివర 9999 కొట్టండి. ఎంటర్ నొక్కి గడియారం చూడండి. కింద టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ అన్న వరుసకి ఎదురుగా ట్రూ వస్తే తలుపు తెరిచే ఉంది. ఫాల్స్ వస్తే ఎంతసేపటికి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత అదే పని ఇంకో సిస్టమ్ నుంచి. ఏడింటిలో ఒకదాని నుంచే రాకపోతే తప్పు ఆ ఒక్కదానిలో, ఏడింటి నుంచీ రాకపోతే సర్వర్ దగ్గర. చిన్న విషయమే కానీ, ఇది చూడకుండా సర్వర్‌ని కెలికి, బాగున్న ఆరింటిని కూడా పాడుచేసుకునేవాళ్లు చాలామంది.

ఒక మెలిక ఉంది. ఎదుటి యంత్రం విండోస్‌దైతే, దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే, ప్రోగ్రామ్ నడవకపోయినా అది తిరుగు జవాబు పంపదు. ఎవరూ లేని తలుపు గురించి కూడా పెదవి విప్పకూడదన్నది దాని పద్ధతి. కాబట్టి విండోస్ సర్వర్ నుంచి 21 సెకన్ల మౌనం వచ్చిందంటే రెండు అర్థాలు: ఫైర్‌వాల్ అడ్డుకుంది, లేదా అక్కడ ప్రోగ్రామే లేదు. రెండిట్లో ఏదో తేల్చాలంటే సర్వర్ దగ్గరికి నడిచి వెళ్లాలి, తప్పదు. అక్కడ నల్ల తెరలో నెట్‌స్టాట్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, చిన్న గీత పెట్టి ఏ-ఎన్-ఓ అక్షరాలు కొట్టండి. పెద్ద పట్టిక వస్తుంది. అందులో 0.0.0.0:9999 అన్న వరుస, దాని పక్కన లిజనింగ్ అన్న మాట ఉంటే ప్రోగ్రామ్ కూర్చునే ఉంది, అడ్డు ఫైర్‌వాల్‌దే. ఆ వరుసే లేకపోతే ఫైర్‌వాల్‌ని వదిలేసి ఆ సర్వీస్‌ని మొదలుపెట్టండి. 127.0.0.1:9999 అని ఉంటే మూడో సంగతి. 127.0.0.1 అంటే "నేనే" అని ప్రతి యంత్రం తనకు తాను పెట్టుకున్న పేరు. అంటే ఆ ప్రోగ్రామ్ తన సిస్టమ్‌లోంచి వచ్చే మాటలే వింటుంది, బయటివాటిని వినదు. దాన్ని సరిచేయాల్సింది ప్రోగ్రామ్ సెట్టింగ్‌లో. ఫైర్‌వాల్‌లో ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు.

"ఇదంతా ఎందుకు, పింగ్ కొడితే తెలియదా?" అని అడగచ్చు. పింగ్ అంటే ఉన్నావా అని అడిగి జవాబు కోసం చూడటం. విండోస్‌లో నాలుగుసార్లు అడుగుతుంది, ఒక్కోసారి నాలుగు సెకన్ల దాకా చూస్తుంది. జవాబొస్తే మంచిదే. రాకపోతే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే చాలా విండోస్ సిస్టమ్‌లు బయటినుంచి వచ్చే పింగ్‌ని ఫైర్‌వాల్ దగ్గరే ఆపేస్తాయి. అలాంటప్పుడు పింగ్ కొట్టిన వెంటనే ఏఆర్‌పీ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, చిన్న గీత పెట్టి ఏ కొట్టండి. ఒకే రౌటర్ కింద ఉన్న యంత్రాలు మాట్లాడుకోవాలంటే ముందు ఒకదాని హార్డ్‌వేర్ నంబరు ఇంకోదానికి తెలియాలి. రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుంటుంది ఆ నంబరు. ఈ పరిచయం జరిగాకే ఫైర్‌వాల్ వంతు వస్తుంది. పట్టికలో 192.168.1.10 పక్కన ఆ ఆరు జతలు కనపడితే, పింగ్‌కి నోరు మెదపకపోయినా సర్వర్ బతికే ఉంది, తీగ బాగానే ఉంది. కనపడకపోతే, దానికితోడు పింగ్ జవాబులో మీ సొంత అడ్రసు నుంచే "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని వస్తుంటే, సర్వర్ ఆగిపోయి ఉండాలి లేదా తీగ ఊడి ఉండాలి. ఫైర్‌వాల్‌కి దీంతో సంబంధం లేదు.

అడ్డు ఫైర్‌వాల్‌దే అని తేలింది అనుకుందాం. నిన్నటిదాకా బాగున్నది ఇవాళ ఎందుకు అడ్డుపడింది? మొదట అడగాల్సింది: ఈ మధ్య రౌటర్ మార్చారా? విండోస్ ప్రతి నెట్‌వర్క్‌కీ ఒక ముద్ర వేస్తుంది, ఇది ప్రైవేటు (మన ఇల్లు, మన ఆఫీసు), ఇది పబ్లిక్ (రైల్వే స్టేషన్, హోటల్) అని. పెద్ద కంపెనీల్లో డొమైన్ అని మూడోది కూడా ఉంటుంది. ఒక్కో ముద్రకి ఒక్కో రూల్స్ కట్ట. నెట్‌వర్క్‌ని అది గుర్తుపట్టేది ఎక్కువగా రౌటర్ హార్డ్‌వేర్ నంబరుని బట్టి. ఫైబర్ వాళ్లు పాత బాక్సు తీసి కొత్తది పెట్టి వెళ్లారంటే, గోడలూ కుర్చీలూ అవే ఉన్నా విండోస్ దృష్టిలో మీరు కొత్త చోటికి వచ్చారు. కొత్త చోటు అనగానే మామూలుగా పబ్లిక్ అని రాసుకుంటుంది, షేరింగ్ ఆపేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి ప్రైవేట్ అని మార్చితే అర నిమిషంలో అయ్యే పని. సర్వర్‌లో తప్పక మార్చాలి; బయటినుంచి వచ్చేవాళ్లని ఆపేది అదే కాబట్టి. కొత్త రౌటర్ సర్వర్‌కి వేరే అడ్రసు ఇచ్చిందేమో కూడా అప్పుడే చూసుకోండి.

"అనుమతిస్తూ రూల్ రాశాను, అయినా పోవట్లేదు." దీనికి కారణం ఎక్కువసార్లు ఒకటే. కొత్త ప్రోగ్రామ్ మొదటిసారి బయటివాళ్ల మాట వినడానికి సిద్ధమైనప్పుడు విండోస్ ఒక కిటికీ తెరిచి అనుమతించాలా అని అడుగుతుంది. పని తొందరలో ఎవరో క్యాన్సిల్ నొక్కుతారు. నొక్కినవాళ్ల ఉద్దేశం "తర్వాత చూద్దాం" అని. విండోస్ మాత్రం వద్దు అన్నారని అర్థం చేసుకుని, ఆ ప్రోగ్రామ్ పేరు మీద అడ్డుకునే రూల్స్ రాసి పెట్టుకుంటుంది, సాధారణంగా రెండు: టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి. (టీసీపీ అంటే అందిందో లేదో చూసుకుంటూ పంపే పద్ధతి, యూడీపీ అంటే పంపి ఊరుకునే పద్ధతి.) విండోస్ ఫైర్‌వాల్‌లో అడ్డుకునే రూల్‌దే పైచేయి. పక్కన పది అనుమతులు రాసినా ఆ ఒక్క అడ్డు గెలుస్తుంది, వరుసతో నిమిత్తం లేదు. కాబట్టి కొత్త రూల్ రాసేముందు ఇన్‌బౌండ్ రూల్స్ పట్టిక తెరిచి, ఆ ప్రోగ్రామ్ పేరుతో ఎర్ర గుర్తు ఉన్నవి ఉన్నాయేమో చూసి వాటిని తీసేయండి.

రౌటర్‌లో గానీ లినక్స్ యంత్రంలో గానీ లెక్క ఇలా కాదు. అక్కడ రూల్స్‌ని పైనుంచి కిందికి చదువుతారు, మొదట ఏది సరిపోతే అదే తీర్పు. 445ని అందరికీ మూసేయమని మూడో వరుసలో ఉండి, మీ సిస్టమ్‌కి మాత్రం తెరవమని ఏడో వరుసలో రాస్తే ఏడో వరుస దాకా ఎవరూ రారు. విండోస్‌లో పనిచేసినవాళ్లు రౌటర్‌లోనూ, రౌటర్‌లో పనిచేసినవాళ్లు విండోస్‌లోనూ బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో రెండు చిన్న కారణాలున్నాయి. కొన్ని యాంటీవైరస్ ప్యాకేజీలు తమ సొంత ఫైర్‌వాల్‌తో వస్తాయి. అప్పుడు విండోస్‌లో మీరు రాసే రూల్స్‌ని చదివేవాళ్లుండరు, ఆ యాంటీవైరస్‌లోనే రాయాలి. రెండోది, రూల్ ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌కి కట్టి ఉండటం. పాత వెర్షన్ ఒక ఫోల్డర్‌లో, కొత్త వెర్షన్ ఇంకో ఫోల్డర్‌లో ఉంటే పాత రూల్ కొత్తదానికి వర్తించదు.

ఇంత తంటా ఎందుకు, ఆఫ్ చేసేస్తే పోదా అనేవాళ్లకి రెండు తేదీలు చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఫైర్‌వాల్ ఉంది కానీ మామూలుగా ఆఫ్‌లోనే ఉండేది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు 135వ పోర్టు మీదుగా ఎవరూ ఏమీ నొక్కకుండానే సిస్టమ్‌ల్లోకి దూరింది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ పుట్టుకతోనే ఆన్‌లో ఉండటం మొదలైంది. రెండోది 2017 మే 12. వానాక్రై దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల సిస్టమ్‌లూ దాని బారిన పడ్డాయని అప్పుడు పేపర్లలో చదివాం. దానికి మందు లాంటి అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది, 59 రోజుల ముందు. అది ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కి పాకిన దారి 445. అంటే మన ఆడిటర్ ఆఫీసులో ఫైళ్లు వచ్చేపోయే తలుపే. ఆ తలుపు మనకు కావాలి, కానీ అందరికీ బార్లా తెరిచి పెట్టనక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ప్రాక్సీ మాట రాలేదు. ప్రాక్సీ అంటే మన తరఫున వెబ్‌సైట్ దగ్గరికి వెళ్లి పేజీ తెచ్చి ఇచ్చే మధ్య యంత్రం. కాలేజీలు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఎవరు ఏ సైట్ చూస్తున్నారో లెక్క ఉండటానికీ, కొన్ని సైట్లు ఆపడానికీ పెడతాయి. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లకి బాగా తెలుసు: ప్రాక్సీ అడ్రసు, పోర్టు నంబరు, పేరు, పాస్‌వర్డ్. సంక్రాంతి సెలవులకి ల్యాప్‌టాప్ ఇంటికి తెస్తారు, ఇంట్లో వైఫై తగులుతుంది, ఫోన్లన్నిట్లో నెట్ వస్తుంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్క పేజీ రాదు. అది ఇంకా కాలేజీలోని 10తో మొదలయ్యే అడ్రసునే వెతుకుతోంది. సెట్టింగ్స్‌లో ప్రాక్సీ పేజీ తెరిచి, మాన్యువల్ ప్రాక్సీ ఆఫ్ చేస్తే సరి.

అదే పేజీలో అడ్రసు 127.0.0.1 అని, పోర్టు 8080 అనో 8888 అనో ఉంటే వేరే కథ. మన సిస్టమ్‌లోనే నడిచే ఏదో ప్రోగ్రామ్ తన మీదుగా వెళ్లమని రాసి పెట్టింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వాడే ఫిడ్లర్ లాంటి సాధనం (దాని పోర్టు 8888) మధ్యలో ఆగిపోతే ఇలా మిగిలిపోతుంది. తీసేసిన వీపీఎన్‌లూ ఇదే చేస్తాయి. మీరు అలాంటివేవీ వాడరు, అయినా ఆఫ్ చేసినదల్లా మళ్లీ మళ్లీ ఆన్ అవుతోందంటే వైరస్ స్కాన్ పెట్టాల్సిందే.

తప్పు ఫైర్‌వాల్‌దా, ప్రాక్సీదా అని తేల్చడానికి మంచి కిటుకు ఒకటుంది. ఇందాకటి టీఎన్‌సీ ప్రాక్సీని పట్టించుకోదు, నేరుగా వెళుతుంది. బ్రౌజర్ ప్రాక్సీ ద్వారా వెళుతుంది. రెండిట్లోనూ ఒకే తలుపు తట్టి చూడండి. టాలీలో 9000 తెరిచి ఉన్న సిస్టమ్ ఉంటే దీనికి భలే పనికొస్తుంది, బ్రౌజర్‌లో దాని అడ్రసు కొట్టి, రెండు చుక్కలు పెట్టి 9000 కొడితే టాలీ సర్వర్ నడుస్తోందని ఒక్క వరుస జవాబొస్తుంది. టీఎన్‌సీ ట్రూ అంటూ బ్రౌజర్‌లో ఆ వరుస రాకపోతే నేరం ప్రాక్సీది. రెండూ రాకపోతే పైన చెప్పిన ఫైర్‌వాల్ పనంతా మొదటినుంచి చేయాలి.

"లోకల్ అడ్రసులకి ప్రాక్సీ వద్దు అని టిక్ పెట్టాను కదా!" అని ఇక్కడ చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ టిక్ అర్థం మనం అనుకునేది కాదు. పేరులో చుక్క లేకపోతేనే లోకల్ అని దాని లెక్క. సర్వర్ అని పేరు కొడితే నేరుగా వెళుతుంది. 192.168.1.10 అని కొడితే అందులో మూడు చుక్కలున్నాయి, కాబట్టి ప్రాక్సీ దగ్గరికే పోతుంది; మీ టేబుల్ పక్కనున్న సర్వర్ కోసం ఆ ప్రాక్సీ ఎక్కడో వెతికి, లేదని చెబుతుంది. మినహాయింపుల గడిలో 192.168.* అని చేర్చాలి. నక్షత్రం గుర్తు మిగతా అంకెలన్నిటికీ వర్తిస్తుంది.

ప్రాక్సీ ఇచ్చే ఎర్రర్లకి నంబర్లుంటాయి, అవి కాస్త తెలిసి ఉంటే మంచిది. 407 అంటే పేరు, పాస్‌వర్డ్ కావాలి. 403 అంటే నువ్వెవరో తెలుసు కానీ ఈ సైట్‌కి అనుమతి లేదు. ఇది ప్రాక్సీ కాక ఆ సైటే ఇచ్చి ఉండచ్చు. 504 అంటే ప్రాక్సీ వెళ్లి అడిగింది, అవతలినుంచి జవాబు రాలేదు. చాలాచోట్ల వాడే ఉచిత ప్రాక్సీ స్క్విడ్. దాని మామూలు పోర్టు 3128. దాని ఎర్రర్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ యంత్రం పేరు, స్క్విడ్ అన్న మాట, తేదీ, టైమ్ ఉంటాయి. ఆ వరుసని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే అడ్మిన్‌కి సగం వెతుకులాట తప్పుతుంది. అందులో టైమ్ ఉదయం 6:10 అని ఉండి మీ గడియారంలో 11:40 అయితే కంగారుపడకండి, అది గ్రీనిచ్ లెక్క. మనది ఐదున్నర గంటలు ముందు.

ఇంకో చిక్కు: బ్రౌజర్ ప్రాక్సీని సరిచేశాక కూడా విండోస్ అప్‌డేట్ రాకపోవచ్చు. విండోస్‌లో ప్రాక్సీ సెట్టింగ్‌లు రెండున్నాయి. మనకు కనపడేది ఒకటి, వెనక నడిచే సర్వీసులు వాడుకునేది రెండోది. నల్ల తెరలో నెట్‌ష్ విన్‌హెచ్‌టీటీపీ షో ప్రాక్సీ అని కొడితే రెండోది కనపడుతుంది. డైరెక్ట్ యాక్సెస్ అని వస్తే ఏ ప్రాక్సీ లేనట్టు. ఫైర్‌ఫాక్స్‌లో దాని సొంత ప్రాక్సీ పేజీ కూడా ఉంది. క్రోమ్‌లో రాని సైట్ ఫైర్‌ఫాక్స్‌లో వస్తే ముందు అక్కడ చూడాలి.

ఇన్ని చేసినా తేలకపోతే ఫైర్‌వాల్ లాగ్ ఉంది, అది రాసుకునే దినచర్య. మామూలుగా అడ్డుకున్న వాటిని రాయదు. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డ్రాప్డ్ ప్యాకెట్స్‌కి ఎస్ అని పెట్టాలి. ఫైల్ 4,096 కేబీ దాకా పెరుగుతుంది. వరుసకి వంద అక్షరాలు వేసుకున్నా నలభై వేల వరుసలు పడతాయి, కాబట్టి ఇంటికి వెళ్లే ముందు పెట్టి పొద్దున చదవాలనుకోకండి. ఆన్ చేసి, ఆ పాడు పని ఒక్కసారి చేసి, ఆపేసి, చివరి వరుసలు చదవండి. తేదీ, టైమ్ తర్వాత ఇలా ఉంటుంది: డ్రాప్ టీసీపీ 192.168.1.23 192.168.1.10 50112 9999. చదవడం తేలిక. 23వ సిస్టమ్ 10వ సిస్టమ్‌లోని 9999 తలుపు తట్టింది, పడేశాను. మధ్యలో ఉన్న 50112 తట్టినవాడి వైపు పోర్టు. అది ప్రతిసారీ మారుతుంది, 49152 పైన ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని చూసి రూల్ రాయకండి. అసలు వరుసే పడకపోతే పలకరింపు ఈ సర్వర్ దాకా రానే లేదు, అడ్డు దారిలో ఉంది.

వరుస దొరికితే రూల్ దానంతటదే తయారవుతుంది. పోర్టు 9999, టీసీపీ. ఏ నెట్‌వర్క్‌లో అంటే ప్రైవేట్ ఒక్కటే, పబ్లిక్ టిక్ తీసేయాలి. ఎవరికి అంటే, స్కోప్ అనే పేజీలో రిమోట్ అడ్రస్ దగ్గర 192.168.1.0/24 అని కొట్టాలి. చివర 24 అంటే మొదటి మూడు అంకెలు కలిసినవాళ్లందరికీ అని. 429 కోట్ల అడ్రసులున్న లోకంలో మీ తలుపు ఆ 254కి మాత్రమే తెరుచుకుంటుంది. రూల్‌కి పేరు అడిగినప్పుడు కొత్తది ఒకటి, రెండు అని కాకుండా "టాలీ లైసెన్స్ 9999" అని, పక్కన తేదీ కూడా కొట్టండి. వచ్చే ఏడాది ఇంకో కుర్రాడు వచ్చి పట్టిక తెరిచినప్పుడు ఏది తీసేయచ్చో, ఏది ముట్టుకోకూడదో మిమ్మల్ని అడగక్కర్లేకుండా ఉంటుంది.